సెంటీమీటర్ల లెక్క

కారెంపూడి తిరునాళ్లలో మూడోరోజు మందపోరు. చాపకూడు తిని మాచర్ల చేరేసరికి సాయంత్రం ఐదైంది. మాది గురజాల, మా ఆవిడ పుట్టిల్లు మాచర్ల. నలగామరాజు రాజధానికీ మలిదేవరాజు రాజధానికీ వియ్యం కుదిరి పాతికేళ్లు దాటినా ఏదో ఒక రాయబారం నడుస్తూనే ఉంటుంది. ఈసారి రాయబారం మా అమ్మాయిది. హైదరాబాదులో జర్నలిజం ఎం.ఏ. రెండో ఏడు చదువుతోంది. అమెరికాలో, కాలిఫోర్నియాలోని బర్కిలీలో, శ్రోతల చందాలతో నడిచే ఒక రేడియోవాళ్లు ఆర్నెల్లు ఇంటర్న్‌గా రమ్మన్నారు. జీతం లేదు.

ఈ కబురు మా బావమరిది చెవిన వేయడానికి ఇద్దరం జంకాం. ఆయన ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఒక పత్రికకు విలేకరి. పత్రిక పేరెందుకులెండి. జీతం ఆయనకీ లేదు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలుచుకుని, నెలాఖరున సెంటీమీటర్ల లెక్కన బిల్లు పంపుకోవడమే.

డబ్బు పెట్టాల్సినవాణ్ని నేను కాబట్టి నోరు మూసుకుని విన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఆపుకోలేక నేను దూరిన చోట్లు బ్రాకెట్లలో ఉంటాయి.

మామయ్య: జీతం లేదంటున్నావ్. మరి పనేంది?

అమ్మాయి: పొద్దున బులెటిన్‌కి సాయం. ఫోన్ చేసి కనుక్కోవడం, రికార్డు చేసింది కత్తిరించడం, ఎవరన్నా ఒక అంకె చెప్తే అది నిజమో కాదో కాగితాల్లో చూసి తేల్చడం. ఏడాదిలో కొన్ని వారాలు చందాలు అడుగుతారు. అప్పుడు ఫోన్ల దగ్గర కూర్చోవాలి.

మామయ్య: అంటే యాడ్ టార్గెట్టే. ఆగస్టు పదిహేనుకీ జనవరి ఇరవై ఆరుకీ నేను సర్పంచుల చుట్టూ, పిడుగురాళ్ల సున్నం బట్టీల చుట్టూ బండేసుకు తిరుగుతా. నువ్వు కూర్చునే తిరుగుతావ్.

అమ్మాయి: తేడా లేదా మామయ్యా? యాడ్ ఇచ్చిన బట్టీ మీద మర్నాడు దుమ్ము వార్త రాయగలవా నువ్వు?

మామయ్య: రాశా.

అమ్మాయి: నిజంగానా?

మామయ్య: ఒకసారి రాశా. వెయ్యలా.

(ఇది నాకూ కొత్త సంగతే. ఆయన గ్లాసులో టీ అయిపోయినా తాగుతూనే ఉన్నాడు.)

అమ్మాయి: అక్కడైతే ఒక్కడి డబ్బు కాదు. వేలమంది తలా కొంచెం ఇస్తారు. ఒకడు అలిగితే పోయేది వాడి చందా మాత్రమే. దీనికి చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో తుపాకీ పట్టనని తిరగబడిన లూయిస్ హిల్ అనే ఆయన, 1949 ఏప్రిల్ 15న బర్కిలీలో కేపీఎఫ్ఏ అని ఒక రేడియో మొదలుపెట్టాడు. ప్రకటనలు వద్దు, సర్కారు వద్దు, వినేవాళ్లే పోషించాలి అన్నాడు. మరుసటి ఏడే డబ్బుల్లేక మూతపడింది. వినేవాళ్లు పోగేసిస్తే 1951లో మళ్లీ తెరిచారు. ఇప్పటికీ మోగుతోంది.

మామయ్య: వినేవాళ్లు పోషించే గొంతు నీకు బర్కిలీలోనే దొరికిందా? పొద్దున కారెంపూడిలో కత్తి పట్టుకుని ఊగుతా కథ చెప్పింది ఎవరు? వీరవిద్యావంతులు. వాళ్లకి యాడ్లున్నాయా? సర్కారు జీతమా? ఊరు కథ విన్నది, ఊరే గింజలు పోసింది. శ్రీనాథుడి పేరున పుస్తకమై నిలిచిందాకా పల్నాటి కథను మోసింది ఆ గొంతులే.

అమ్మాయి: నేను చెప్పేదీ అదే కదా!

మామయ్య: ఆగమ్మా, అయిపోలా. మరి నాగమ్మను వాళ్లెట్టా చెప్పారు? ఆ కాలంలో ఒక ఆడమనిషి గురజాలలో మంత్రిగా కూర్చుని రాజ్యం నడిపింది. బ్రహ్మనాయుడేమో విష్ణుమూర్తి అంశ, ఆమేమో మాయలమారి. ఎందుకనుకున్నావ్? గింజలు పోసింది బ్రహ్మనాయుడి వీరాచారం వాళ్లు. గురజాల వైపు నుంచి కథ చెప్పేవాడికి గింజలు పోసినోడు లేడు. ఆ కథ లేకుండానే పోయింది. చందా ఇచ్చేవాడికి తన కథ వినాలని ఉంటది. యజమాని ఒకడైతే వాడి కథ. పదివేలమందైతే పదివేలమంది కథ. ఇవ్వలేనోడి కథ యాడ?

(గురజాలవాణ్ని కాబట్టి లోపల చప్పట్లు కొట్టుకున్నాను. బయటికి కొడితే కూతురు ఊరుకోదు.)

అమ్మాయి: ఒప్పుకుంటా. ఇంకా చెప్పాలంటే, చందాల రేడియోలో యజమాని ఉండడనుకోవడం కూడా తప్పే. 1999లో ఇదే బర్కిలీలో, పైనున్న బోర్డుకీ స్టేషన్‌వాళ్లకీ పడక, బోర్డు సిబ్బందిని బయటికి గెంటి తాళం వేసింది. వేలమంది శ్రోతలు రోడ్డెక్కితే గానీ తెరవలేదు. లాభం తీసుకోని సంస్థంటే గొడవల్లేని సంస్థ అని నేనెప్పుడన్నా? గొడవపడే హక్కు వినేవాళ్లకుంది అంటున్నా. మీ పత్రిక నీ వార్త వేయలేదని మాచర్లలో ఎవరన్నా రోడ్డెక్కారా?

మామయ్య: వార్త ఉందని తెలిస్తేగా ఎక్కడానికి.

అమ్మాయి: అదీ సంగతి. భయమంటావా, బాంబులంటే పల్నాడే అనుకుంటారు అందరూ. ఆ బర్కిలీ రేడియోకి ఒక చెల్లెలుంది, టెక్సాస్‌లో, హ్యూస్టన్‌లో. 1970 మార్చిలో మొదలైంది. మే నెలలో దాని ట్రాన్స్‌మిటర్‌ను బాంబు పెట్టి పేల్చారు. బాగుచేసుకున్నారు. అక్టోబరులో మళ్లీ పేల్చారు. చేసింది కూ క్లక్స్ క్లాన్ మనుషులు. మళ్లీ కట్టుకున్నారు. ఎట్లా నిలబడ్డారో నాకు చూడాలనుంది.

మామయ్య: నిలబడటం గురించి నాకు చెప్తన్నావా? సరే, విను. 2024 మే 13. రెంటచింతల మండలం పాల్వాయి గేటు. రాష్ట్రంలో ఎండ ముదిరిందంటే టీవీలో ముందు రెంటచింతల పేరే వస్తది, కానీ ఆ పోలింగ్ రోజు ఎండ సంగతి ఎవరికీ గుర్తులేదు. బూత్‌లోకి వచ్చి ఈవీఎంను నేలకేసి కొట్టారు. గోడకున్న వెబ్ కెమెరా చూసింది. ఆ దృశ్యం లోకం చూసింది 21న. ఎనిమిది రోజులు! ఈలోపు 144 సెక్షన్ పెట్టారు, ఎస్పీని సస్పెండ్ చేశారు, అన్నీ రాశాం. బూత్‌లో ఏదో జరిగిందని నాకూ చెవిన పడింది. నేను రాయలా. కెమెరాకి పెళ్లాం పిల్లల్లేరు, దానికి భయం లేదు. నీ రేడియోవాళ్లు భయం పోయే మందేమన్నా ఇస్తారా?

అమ్మాయి: ఇవ్వరు. కానీ ఒక్కడివే ఉన్నావు కాబట్టి అంత భయం. పెద్దోళ్ల రహస్య కంపెనీల గుట్టు బయటపెట్టిన పనామా పేపర్లు గుర్తున్నాయా? 2016 ఏప్రిల్ 3న, వందకు పైగా పత్రికలు, చానెళ్లు ఒకే గంటకు వేశాయి. ఎనభై దేశాల విలేకరులు ఏడాదిపాటు గుట్టుగా కలిసి పనిచేశారు. నడిపింది లాభం లేని సంస్థే. ఎవర్ని కొట్టాలో ఎవరికీ తెలియలేదు. నువ్వూ, గురజాల ఆయనా, పిడుగురాళ్ల ఆయనా ఒకే పొద్దున ఒకే వార్త వేశారనుకో, ఎవర్ని కొడతారు?

మామయ్య: ముగ్గుర్నీ కొడతారు.

(అందరం నవ్వాం. వంటింట్లోంచి కూడా నవ్వు వినపడింది. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

మామయ్య: పోనీ ఖర్చు సంగతి చెప్పు. మీ నాన్న ఇందాకట్నించీ వేళ్లు మడుస్తా తెరుస్తా ఉన్నాడు.

అమ్మాయి: వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ అని ఇంకోటి 220. బీమా తప్పనిసరి. గది, తిండి, టికెట్. జీతం లేదు కాబట్టి ఆర్నెల్ల ఖర్చు మా దగ్గరే ఉందని బ్యాంకు కాగితం చూపించాలి.

(ఎకరం అమ్మాల్సొస్తుంది. నేను వేళ్ల మీద లెక్కేసింది అదే. 2025 మిర్చి సీజన్లో ధర పడిపోతే కేంద్రం దిగొచ్చి క్వింటాలుకు 11,781 అని గీత గీసింది. అంతకుముందు ఏళ్లలో ఇరవై వేలు దాటి అమ్ముకున్నవాళ్లం.)

మామయ్య: జీతం లేని పనికి పోతా డబ్బున్నట్టు రుజువు చూపించాలి. బానే ఉంది. అంటే ఆ రేడియోకి అందరికంటే పెద్ద చందాదారుడు మీ నాన్నన్నమాట. బర్కిలీ ఆయన ఏడాదికి వంద డాలర్లిస్తాడు. గురజాల ఆయన ఎకరం ఇస్తాడు. చందాదారుల పేర్లు చదివేటప్పుడు మీ నాన్న పేరు చదువుతారా?

అమ్మాయి: మామయ్యా...

మామయ్య: ఇంకోటి. వీసా కావాలంటే నువ్వు ఫేస్‌బుక్కూ ఇన్‌స్టాగ్రామూ తాళాలు తీసి పెట్టాలంటగా? 2025 జూన్ నుంచి కొత్త రూల్. స్వతంత్రంగా మాట్లాడటం నేర్చుకోడానికి పోతా, ముందు ఇన్నేళ్లూ ఏం మాట్లాడావో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అప్పజెప్పి పోవాలి. నువ్వు రాసిన కవితలన్నీ వాళ్లు చదువుతారు.

అమ్మాయి: చదవనీ. ఇంట్లోవాళ్లెట్లాగూ చదవరు. చందా అన్నావు కదా, నీ చందా సంగతి చెప్పు మరి. ఇరవై రెండేళ్లు ఆ పత్రికకు జీతం లేకుండా రాశావు. పెట్రోలు నీది, ఫోన్ నీది. ఇల్లు నడిపింది అత్తయ్య కుట్టుమిషను. వాళ్లు లాభం తీసుకునేవాళ్లు. నాన్న ఎకరం కనీసం లాభం లేనిచోటికి పోతోంది. అత్తయ్య మిషను ఎక్కడికి పోయింది?

(వంటింట్లోంచి మా చెల్లెమ్మ గొంతు: “ఇన్నాళ్లకి ఒకళ్లు లెక్కేశారు.” ఆయన అటు తిరిగి చూడలేదు. నిజం చెప్పాలంటే ఇద్దరి మాటా నాకు సమంగా తగిలింది. ఊరికే చేసే పనికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని డబ్బు కడుతుంటారు. ఆ మనిషి పేరు ఎక్కడా అచ్చుకాదు.)

మామయ్య: దీన్ని లాభనష్టాల లెక్కలోకి లాగబాకు. నేను అడిగేది ఎవరికోసం అని. ఆడికి పోయి బర్కిలీ మునిసిపాలిటీ వార్తలు కత్తిరిస్తావు.

అమ్మాయి: కత్తిరిస్తా. బర్కిలీకి చదువుకోడానికి వెళ్లి పత్రిక అచ్చేసినవాడు ఒకడున్నాడు, కర్తార్ సింగ్ సరాభా. 1913 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘గదర్’ పత్రిక మొదలైతే చేతిమిషను తిప్పాడు. యాడ్లు లేవు. పొలాల్లో, రంపపు మిల్లుల్లో పనిచేసే కూలీల చందాలు. పత్రిక ఉచితం. అతనికి అప్పుడు పదిహేడేళ్లు. మన పక్కనే కనిగిరి ఆయన, దరిశి చెంచయ్య, అక్కడే చదువుతూ గదర్ పార్టీలో చేరి జైలు కూడా చూశాడు. ‘నేనూ నా దేశం’ అని రాసుకున్నాడు. ఇంటర్న్‌షిప్ అనే మాట పుట్టకముందు అది కాక ఇంకేంటి?

మామయ్య: బాగా దొరికావు. చందా ఇచ్చింది పంజాబీ కూలీలు, చదివింది పంజాబీ కూలీలు. పరాయి దేశంలో ఉన్నా తనవాళ్ల మధ్యే మిషను తిప్పాడు సరాభా. తిరిగొచ్చి పంతొమ్మిదేళ్లకి ఉరికంబం ఎక్కాడు. నిన్ను ఎక్కమనట్లా. ఆ పేరు వాడుకునేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాలంటన్నా.

అమ్మాయి: ఉన్నవ లక్ష్మీనారాయణ? డబ్లిన్ వెళ్లి బారిస్టరై వచ్చాడు. ఐర్లండు వాళ్ల పోరాటం చూసి వచ్చాడు. వచ్చి మన పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో జైలుకు పోయాడు. ఆ జైల్లోనే మాలపల్లి రాశాడు. డబ్లిన్ వెళ్లకపోతే?

మామయ్య: కన్నెగంటి హనుమంతు ఏ డబ్లిన్ పోయాడు? మించాలపాడు, ఈ అడవి తప్ప ఇంకోటి ఎరగడు. పశువులు మేసినందుకు పుల్లరి కట్టనన్నాడు. 1922 ఫిబ్రవరిలో కాల్చేశారు.

అమ్మాయి: హనుమంతు కథ మించాలపాడు దాటి రావడానికి రాసేవాళ్లు కావాల్సొచ్చింది కదా. ఇద్దరూ కావాలి మామయ్యా. నువ్వు ఒకణ్ని పట్టుకుని ఇంకొకణ్ని కొడుతున్నావు.

(ఇక్కడ మా బావమరిది మొదటిసారి తల ఊపాడు. ఒప్పుకున్నట్టో, మెడ నొప్పో.)

మామయ్య: సరే, నేర్చుకోవాలనే ఉంటే జహీరాబాద్ బస్సెక్కు. మాచనూరులో సంఘం రేడియో. 2008 అక్టోబరు 15న మొదలైంది. నడిపేది పొలం పని చేసుకునే దళిత ఆడవాళ్లు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. యాడ్లు లేవు, యజమాని లేడు. ఆ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లే కెమెరా పట్టుకుని 2003లో వరంగల్ బీటీ పత్తి రైతుల మీద సినిమా తీశారు. పల్నాడు పత్తిరైతు గురించి నేను సెంటీమీటర్లు కొలుచుకుంటా కూర్చున్నప్పుడు, చదువురాని ఆడవాళ్లు కంపెనీని నిలదీశారు. ఎకరం అమ్మక్కర్లా. బస్సు చార్జీ చాలు.

అమ్మాయి: పోయిన డిసెంబర్లో వెళ్లొచ్చా.

మామయ్య: చెప్పలేదే!

అమ్మాయి: నువ్వు అడగలేదు. ఆ రేడియోలో విత్తనాల గురించి మాట్లాడతారు, పొలంలో మొలిచే ఆకుకూరల గురించి మాట్లాడతారు, పాటలు పాడతారు. వాళ్ల దగ్గర మైకు ముందు ఎట్లా మాట్లాడాలో నేర్చుకోవచ్చు. కానీ వాళ్లు ఒక్క వార్త చదవకూడదు. కమ్యూనిటీ రేడియోకి సొంత వార్తలు, రాజకీయాలు నిషేధం. ప్రైవేటు ఎఫ్‌ఎం అయినా ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నది ఉన్నట్టు వేసుకోవాల్సిందే. 1995లో సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అంది. ఆ ఆస్తిలో వార్త మటుకు ప్రజల వాటాకి రాలేదు. రేడియో వార్త చేయడం ఈ దేశంలో ఆకాశవాణిలో తప్ప ఎక్కడ నేర్చుకోను?

మామయ్య: నేర్చుకొచ్చి యాడ చదువుతావ్? ఈత నేర్చుకొచ్చి రెంటచింతల రాళ్లల్లో దూకుతావా?

అమ్మాయి: ఫోన్లో. 2010 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అని నడిచింది. గోండులు ఫోన్ చేసి తమ ఊరి సంగతి తమ భాషలో చెప్తే, సరిచూసి అందరికీ వినిపించేవాళ్లు. దానికి లైసెన్సు అక్కర్లేదు. పల్నాడులో ఫోన్ లేని ఇల్లు చూపించు.

మామయ్య: డబ్బో? వార్తల సంస్థ విదేశీ విరాళం తీసుకోకూడదని 2010 చట్టం ఉంది. నీ బర్కిలీ స్నేహితులు పంపినా పుచ్చుకోలేవు. అక్కడ మాత్రం ఏమంత వెలిగిపోతంది? పబ్లిక్ రేడియో, టీవీలకిచ్చే 110 కోట్ల డాలర్లు 2025 జూలైలో కోసేశారంట. ఇక మాచర్లలో వార్తకి చందా ఎవడిస్తాడు? కోటప్పకొండ ప్రభకంటే ఇస్తాడు.

అమ్మాయి: ప్రభకి ఎందుకిస్తున్నారు? అంతెత్తు కర్రలు కట్టి, లైట్లు పెట్టి, ఊరి పేరు రాసి, పొలాల మీదుగా లాక్కెళ్తారు. ఆ రాత్రి కొండ కింద నిలబడితే ఏ ఊరిది ఏదో తెలుస్తది. మా ఊరిది అనుకుంటే మనవాళ్లు లక్షలు పోగేస్తారు. చందా ఇవ్వని జాతేం కాదు మనది. అడిగే పద్ధతి నాకు తెలియదు. ఒక్కొక్క మనిషికీ ఫోన్ చేసి “నీ యాభై రూపాయలకి ఇదిగో ఈ పని చేశాం, ఇక్కడ తప్పు చేశాం, దిద్దుకున్నాం” అని చెప్పడం ఎట్లాగో ఆ చందాల వారంలో కూర్చుంటే తెలుస్తదని నా ఆశ. నువ్వు యాడ్ అడిగేటప్పుడు అట్లా చెప్పావా ఎప్పుడన్నా?

మామయ్య: యాడ్ అడిగేటప్పుడు చెప్పేది ఒకటేనమ్మా. “ఇస్తే మీ మీద రాయను” అని నోటితో అనం. వాళ్లకి వినపడుద్ది.

(ఇలాంటి మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. చెప్పేసి ఆయనే ఇబ్బంది పడి, ఈ మధ్య ప్రభల మీద కూడా పార్టీ పాటలేగా అని మాట మార్చబోయాడు. అమ్మాయి వదిలేసింది. వదిలేయడం దానికి తెలుసని నాకు ఆ రోజే తెలిసింది.)

అమ్మాయి: ఆ ఫైలు ఉందా ఇంకా?

ఫైలంటే పాత చిట్టాల పుస్తకం. ఎర్ర గుడ్డ అట్ట. కటింగులన్నీ మైదా జిగురుతో అంటించి, ప్రతిదాని పక్కన ఎర్రసిరాతో సెంటీమీటర్లు వేసుంటాయి. 4. 7. 11. నీటి ఎద్దడి 6. లారీ ఢీకొని ఒకరి మృతి 3. సాగర్ కుడికాల్వకు నీళ్లు వదిలారని 9. మిర్చి కల్లంలో పిడుగు 5. అమ్మాయి స్టీలు స్కేలు తీసుకుని ఒకటి రెండు కొలిచి చూసింది. లెక్క మిల్లీమీటరు తేడా లేదు.

మధ్యలో ఒకచోట కటింగు లేదు. రూళ్ల కాగితం నాలుగు మడతలు పెట్టి అంటించి ఉంది. విప్పితే ఆయన చేతిరాత. బట్టీల దుమ్ము, పక్కనున్న గుడిసెల్లో పిల్లల దగ్గు, ఆరుబయట వండితే కూరలో పడే తెల్లటి పొడి. ఒక ముసలామె చీరకొంగు విదిల్చి చూపించిందట. పక్కన ఎర్రసిరా గీత ఉంది. అంకె లేదు.

అమ్మాయి: ఇదెన్ని సెంటీమీటర్లు?

మామయ్య: అచ్చయితేగా.

అమ్మాయి: చదువు. రికార్డు చేస్తా.

మామయ్య: ఎప్పటిదో అది. ఆ బట్టీ ఇప్పుడు చేతులు మారింది. ఆ ముసలామె కూడా లేదు.

అమ్మాయి: అయితే ముందు అది చెప్పు. తేదీ చెప్పు. ఇప్పుడెట్లా ఉందో రేపు పోయి చూద్దాం, పిడుగురాళ్ల ఎంతసేపు? ముందు దీన్ని చదువు.

మామయ్య: నువ్వు పోయేది కాలిఫోర్నియాకా, పిడుగురాళ్లకా?

అమ్మాయి: వీసాకి ఇంకా టైముంది.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఇరవై రెండేళ్లలో తన వార్త తాను పైకి చదవడం ఇదే మొదటిసారనుకుంటా, రెండు ముక్కలు చదివి ఆగిపోయి, “డేట్‌లైన్ కూడా చదవాలా?” అని అడిగాడు. చదవమంది. మా చెల్లెమ్మ వంటింట్లో పొయ్యి తగ్గించి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అమ్మాయి ఫోన్‌ను చిట్టా పుస్తకం మీద పెట్టి, పైకి చూసి, ఫ్యాను చప్పుడొస్తోంది నాన్నా అంది. లేచి ఆపాను.